ఇంట్లో వైఫై ఎందుకు నిదానిస్తుంది, ఎందుకు తెగిపోతుంది: స్తంభం మీది తీగ నుంచి పడకగది గోడ దాకా దశలవారీ పరిశీలన

మాది హన్మకొండలో కింద మూడు గదులు, మీద రెండు గదులు ఉన్న మామూలు స్లాబు ఇల్లు. ఫైబర్ కనెక్షన్ తీసుకున్న రోజు, బిగించడానికి వచ్చిన వ్యక్తి వీధి స్తంభం మీది నుంచి తీగ ఎక్కడ లోపలికి దిగిందో అక్కడే, ముందుగది తలుపు పక్కన చెప్పుల స్టాండు మీద, ఫైబర్ తీగను వైఫైగా మార్చే డబ్బా పెట్టి వెళ్ళాడు. 100 ఎంబీపీఎస్ ప్లానుకు నెలనెలా డబ్బు కడుతున్నా, పై గదిలో మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుకు కూర్చుంటే పాఠం చెప్పే సారు ముఖం తెర మీద బిగుసుకుపోయేది. రాత్రి తొమ్మిది దాటితే కింద టీవీలో కూడా చక్రం తిరుగుతూ ఉండేది. రౌటర్ పాతదని ఒకరంటే కొత్తది కొని, కంపెనీవాళ్ళ డబ్బాకు తగిలించాను. ప్లాను చాలదని ఇంకొకరంటే 200 ఎంబీపీఎస్‌కు పెంచాను. రెండూ చేసిన తర్వాత కూడా ఇబ్బంది అలాగే ఉండటంతో, ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రతిదాన్నీ కొలవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, మా ఇంట్లో ఉన్నది ఒక లోపం కాదు, నాలుగు. వాటిని సరిచేయడానికి పట్టిన ఖర్చంతా కలిపినా ఒక నెల బిల్లుకు మించలేదు. నేను ముందుగా పెట్టిన డబ్బు మాత్రం వాటిలో ఒక్కదానికీ మందు కాలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో కొనడం గురించిన మాట చివరలో వస్తుంది, కొలవడం గురించిన మాట ముందు వస్తుంది. ఒక సెలవు రోజు ఉదయం తీరికగా కూర్చుంటే మొదటి మూడు దశల పని చాలావరకు పూర్తవుతుంది, రెండో దశలోని కొలతలకు మాత్రం మూడు రోజులు పడుతుంది. ఒకసారి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్ళీ ఇబ్బంది వచ్చినప్పుడు మొదటికే రావలసి ఉంటుంది.

మొదటి దశ: ఇబ్బందికి సరైన పేరు పెట్టడం

"నెట్ సరిగా వస్తలేదు" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు ఇబ్బందులు ఉంటాయి. ఫైళ్ళు, వీడియోలు నిదానంగా దిగడం ఒకటి. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పోయి, కాసేపటికి తిరిగి రావడం రెండోది. వేగ పరీక్షలో అంకె ఘనంగానే కనిపిస్తున్నా వీడియో కాల్‌లో మాట ఆలస్యంగా చేరడం, ముక్కలు ముక్కలుగా వినిపించడం మూడోది. మొదటిదానికి మూలం ఎక్కువగా సిగ్నల్ బలహీనతలోనో, దారిలో ఎక్కడో ఉన్న ఇరుకులోనో ఉంటుంది. రెండోదానికి కరెంటు, వేడి, ఫైబర్ తీగ అనే మూడింటిని అనుమానించాలి. మూడోది గాలిలో రద్దీ వల్లగానీ, ఇంట్లోనే ఒక పరికరం అప్‌లోడ్ దారినంతా నింపేయడం వల్లగానీ వస్తుంది. మీ ఇంట్లో ఉన్నది ఏదో, ఏ గదిలోనో, ఏ వేళలోనో ముందుగా రాసుకోండి.

అంకెల విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ప్లానులో చెప్పే ఎంబీపీఎస్ సెకనుకు మెగాబిట్లు. ఫోనులో ఫైలు దిగేటప్పుడు కనిపించేది చాలాసార్లు మెగాబైట్లు. బైటుకు 8 బిట్లు కనుక, 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి దిగదు, అది లోపం కాదు. నాణ్యమైన హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 నుంచి 25 దాకా, వీడియో కాల్‌కు 3 లేదా 4 ఎంబీపీఎస్ చాలు. ఇద్దరు పిల్లలు, ఒక టీవీ ఉన్న ఇంటికి నిజంగా చేతికి అందే 50 ఎంబీపీఎస్ సుఖంగా సరిపోతుంది. కాగితం మీది 300, పడకగదిలో 6 అయితే ఆ 300కు అర్థం లేదు.

రెండో దశ: వైఫైని పక్కన పెట్టి తీగతో కొలవడం

మొత్తం పరిశీలనలో అతి ముఖ్యమైన పని ఇదే. వీధి నుంచి మీ డబ్బా దాకా వచ్చే దారి ఒకటి, డబ్బా నుంచి మీ ఫోను దాకా గాలిలో సాగే దారి ఇంకొకటి. ఫోనులో చేసే వేగ పరీక్ష ఈ రెంటినీ కలిపి ఒకే అంకె చెబుతుంది కాబట్టి, తప్పు ఎక్కడుందో దానివల్ల తెలియదు. ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్క్ కేబుల్‌తో నేరుగా డబ్బాకు తగిలించి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి, ఇంట్లో మిగతా పరికరాలన్నీ ఆపి పరీక్ష చేయండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి, అలా మూడు రోజులు. ల్యాప్‌టాప్ లేకపోతే పొరుగింటివారిని అడిగి ఒక పూటకు తెచ్చుకున్నా మంచిదే.

తీగ మీద ఎప్పుడూ ప్లానుకు దగ్గరగా వస్తూ, వైఫై మీద పడిపోతుంటే లోపం మీ ఇంటి గాలిలో ఉంది. ఐదో దశ నుంచి చదవండి. తీగ మీద కూడా అన్ని వేళలా తక్కువగా ఉంటే కనెక్షన్‌లోనో, కేబుల్‌లోనో లోపం ఉంది. పొద్దున పూర్తిగా వచ్చి రాత్రి మాత్రమే సగానికి పడిపోతుంటే అది మీ రౌటర్ తప్పు కానే కాదు. ఇళ్ళకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో, కంపెనీ వైపు ఒక పోర్టు నుంచి బయలుదేరే, సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్ల దారిని, కాంతిని పాయలుగా చీల్చే స్ప్లిటర్ల ద్వారా 32 లేదా 64 ఇళ్ళు పంచుకుంటాయి. వాటి పైన కంపెనీ తన మొత్తం నెట్‌వర్క్‌కు పెట్టుకున్న దారి కూడా రద్దీ వేళ ఇరుకవుతుంది. దానికి మీరు చేయగలిగింది ఆధారాలతో ఫిర్యాదు చేయడం, లేదా కంపెనీ మార్చడం.

మా ఇంట్లో మొదటి లోపం ఇక్కడే బయటపడింది. కంపెనీ డబ్బాకు నేరుగా ల్యాప్‌టాప్ పెడితే 190 పైన వచ్చింది. అదే ల్యాప్‌టాప్ నా కొత్త రౌటర్‌కు పెడితే, ఏ పూట చూసినా 94. ఒకటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఈ 94 అనే అంకెను గుర్తుపెట్టుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగం మాత్రమే ఉన్న నెట్‌వర్క్ పోర్టు నుంచి నికరంగా వచ్చేది సుమారు అంతే. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ, అంటే నాలుగు జతలూ, కలిసి ఉండాలి. ఒక్క తీగ తెగినా పరికరాలు చాలాసార్లు చెప్పాపెట్టకుండా 100కు దిగి నడుస్తూనే ఉంటాయి. రెండు డబ్బాల మధ్య ఉన్న మీటరు పొడవు నెట్‌వర్క్ కేబుల్‌ను ఊడదీసి కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. పారదర్శకమైన ప్లాస్టిక్ క్లిప్పులో ఏడు తీగల కొసలు ముందరి అంచు దాకా వెళ్ళి రాగి మెరుపుతో ఆగాయి. గోధుమరంగు తీగ ఒక్కటి బియ్యపు గింజంత వెనక్కే ఉండిపోయింది. హన్మకొండ చౌరస్తా దగ్గరి కంప్యూటర్ దుకాణంలో ఆ క్లిప్పు కోసి కొత్తది బిగిస్తే, అదే సాయంత్రం 190 వచ్చింది. ప్లాను పెంచిన అన్ని నెలలూ ఆ ఒక్క తీగ దగ్గర ఆగిపోయాయి.

కాబట్టి కేబుల్ మీద క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని అచ్చయి ఉందా, ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాల్లో లింక్ వేగం 1000 అని చూపుతోందా అన్నది చూసుకోండి. కొన్ని చవక రౌటర్లకు అసలు పోర్టులే 100వి. వాటికి 200 ప్లాను వేయించుకోవడం వృథా.

మూడో దశ: ఫైబర్ తీగను, దీపాలను చూడటం

కంపెనీ డబ్బా మీద పాన్ అనే ఆకుపచ్చ దీపం నిలకడగా వెలుగుతూ ఉండాలి. లాస్ అనే దీపం ఎర్రగా వెలిగినా, మిణుకుమిణుకుమన్నా కాంతి చేరడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు. కానీ ఎర్ర దీపం రాకుండానే కాంతి క్షీణించి ఉండే దశ ఒకటుంది. రోజుకు నాలుగైదు సార్లు నెట్ పోయి వచ్చే ఇళ్ళలో దీన్ని తప్పక చూడాలి.

డబ్బా అడుగున ఉన్న చీటీలో సెట్టింగుల పేజీ చిరునామా ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. దాన్ని బ్రౌజర్‌లో తెరిచి, ఆప్టికల్ లేదా పాన్ సమాచారం అన్న చోట అందుతున్న కాంతి బలాన్ని చూడండి. అది డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో ఉంటుంది. మామూలు జీపాన్ పరికరం మైనస్ 8 నుంచి మైనస్ 27 మధ్య పనిచేయగలదు. మైనస్ 15, మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ప్రతి 3 డీబీఎం తగ్గుదలకు కాంతి సగమవుతుంది కనుక, మైనస్ 21 నుంచి మైనస్ 27కు వచ్చిందంటే నాలుగో వంతే మిగిలిందని లెక్క.

కాంతి ఎక్కడ కారిపోతుంది? ఇంటి లోపల అయితే వంపుల దగ్గర. షోకేసు వెనక్కి నెట్టినప్పుడు సన్నని పసుపు లేదా తెల్ల ప్యాచ్‌కార్డ్, అంటే గోడ నుంచి డబ్బాకు కలిపే ఫైబర్ తీగ, గోడకు నలిగిపోతుంది. మిగిలిన తీగను ఇంట్లోవాళ్ళు ముచ్చటగా వేలికి చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. తీగను కనీసం 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంగా, అంటే కనీసం టీ కప్పు మూతి అంత చుట్టగా, వదులుగా వేలాడదీయాలి. ఆకుపచ్చ కొస ఉన్న కనెక్టర్ 8 డిగ్రీల వాలుగా చెక్కినది, నీలం కొస ఉన్నది అలాంటిది కాదు. ఒకదాన్ని ఇంకొకదానిలో దూర్చకూడదు. ఊడదీసిన కొసను వేలితో తాకకండి, కంటికి ఎదురుగా పెట్టి చూడకండి. లోపలి లేజర్ కాంతి మన కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేయగలదు. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి గట్టిగా చెప్పి ఉంచాలి.

ఇంటి బయట సంగతి మన ఊళ్ళలో ప్రత్యేకం. వరంగల్, హన్మకొండ, కాజీపేట గల్లీల్లో ఫైబర్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మధ్యగా వస్తాయి. కోతులు వాటిని పట్టుకుని ఊగుతాయి, బంగ్ల (డాబా) మీద వేలాడే తీగను లాగి కొరుకుతాయి. వానలకు ముందు కొమ్మలు కొట్టేటప్పుడు తీగ కిందపడుతుంది. సంక్రాంతికి మాంజా చుట్టుకుంటుంది. అతుకులు పెట్టిన చోట మూత సరిగా లేకపోతే నీళ్ళు చేరతాయి. మా ఇంట్లో రెండో లోపం ఇక్కడే, తీగ బంగ్ల పిట్టగోడ అంచు మీద మెలిక పడి ఉండేది. వానాకాలం రెండు వారాలు నెట్ వచ్చి పోతుంటే మూడుసార్లు ఫిర్యాదు చేశాను. మూడుసార్లూ ఎవరూ రాకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. నాకు చాలా బాధ కలిగింది. నాలుగోసారి ఫోను చేసి, నెట్ రావడం లేదని కాకుండా, "కాంతి బలం మైనస్ 28.6 ఉంది, పోయిన నెల మైనస్ 20 ఉండేది" అని చెప్పాను. మర్నాడు పొద్దున్నే మనిషి వచ్చి, పిట్టగోడ దగ్గర తీగ కోసి కొత్తగా అతికి, మైనస్ 19.8కి తెచ్చి వెళ్ళాడు. పనిచేసే మనిషికి కావలసింది అంకె. అది మన దగ్గర సిద్ధంగా ఉండాలి. నెట్ బాగున్న రోజే మీ ఇంటి విలువను చూసి నోటు పుస్తకంలో తేదీతో రాసి పెట్టుకోండి.

తీగను మీరే తిరిగి కట్టేటట్లయితే కరెంటు స్తంభం జోలికి, సర్వీసు వైరు జోలికి పోవద్దు. ఇంటి ప్రహరీ లోపలి భాగం మాత్రమే మీ చేతిలోది.

నాలుగో దశ: కరెంటు, అడాప్టర్, ఎండ

సెట్టింగుల పేజీలో "అప్‌టైమ్" అని ఒక లెక్క ఉంటుంది. డబ్బా ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో అది చెబుతుంది. నెట్ పోయి వచ్చిన వెంటనే దాన్ని చూడండి. నాలుగు రోజులు అని ఉంటే డబ్బా బాగానే ఉంది, పోయింది లైను. మూడు నిమిషాలు అని ఉంటే డబ్బాయే ఆగి మళ్ళీ మొదలైంది, అంటే కారణం కరెంటు లేదా వేడి. ఇంత తేలికైన పరీక్ష ఇంకొకటి లేదు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కరెంటు పోయిన క్షణంలో ఫ్యాను ఆగకపోవచ్చు, కానీ మారే ఆ రెప్పపాటు ఖాళీని పాతబడిన అడాప్టర్ తట్టుకోలేదు. డబ్బా ఆగి, మళ్ళీ లేచి, లైను పట్టుకునే సరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పరీక్ష రాస్తున్న పిల్లలకు ఆ మూడు నిమిషాలు ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు. అడాప్టర్ మీద రాసిన ఓల్టులు డబ్బా మీద రాసినదానితో సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండవచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. 12 ఓల్టులు, 1.5 ఆంపియర్లు కోరే డబ్బాకు సెట్‌టాప్ బాక్సు తాలూకు 12 ఓల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ పెడితే అది వెలుగుతుంది, నడుస్తుంది, అందరూ ఒకేసారి వాడే సాయంత్రం వేళ తూలిపోతుంది. మా ఇంట్లో మూడో లోపం అచ్చంగా ఇదే, ఇల్లు సున్నం వేసిన రోజు అడాప్టర్లు తారుమారయ్యాయి. రౌటర్ల కోసమే వచ్చే చిన్న డీసీ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఇన్వర్టర్ లేని ఇంట్లో కూడా డబ్బా కొన్ని గంటలు ఆగకుండా నడుస్తుంది. కంపెనీ డబ్బా, సొంత రౌటర్ రెండూ వేరుగా ఉంటే రెంటికీ పెట్టాలన్నది మరువకండి.

వేడి గురించి మనం తక్కువ ఆలోచిస్తాం. ఇళ్ళలో వాడే రౌటర్లలో చాలావాటికి తయారీదారు చెప్పే పరిమితి 40 డిగ్రీలు. మే నెలలో మన వైపు బయట 44, 45 డిగ్రీలు మామూలు. పై అంతస్తు స్లాబు కింద, తలుపులు మూసిన గూటిలో, సెట్‌టాప్ బాక్సు మీద పేర్చిన డబ్బా చుట్టూ గాలి ఇంకా వేడెక్కి ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకానే ఇబ్బంది వస్తోందంటే ముందుగా డబ్బాను గూటిలోంచి బయటికి తీసి, గాలి ఆడే చోట గోడకు నిలువుగా బిగించండి. గుడ్డ కప్పకండి, దుమ్ము పడుతుందని ప్లాస్టిక్ కవరు కూడా తొడగకండి. ఉరుములు మెరుపుల వేళ ప్లగ్గు తీసేయడం మన పెద్దల నుంచి వచ్చిన అలవాటే, మానవద్దు.

ఐదో దశ: డబ్బాను ఉండవలసిన చోట పెట్టడం

ఇక్కడి నుంచి గాలి సంగతి. తెల్ల కాగితం మీద మీ ఇంటి పటం గీయండి, కొలతలు అక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఎనలైజర్ రకం యాప్ ఒకటి వేసుకుని, ప్రతి గదిలో, పిల్లలు కూర్చునే కుర్చీ దగ్గర, మంచం తల దగ్గర నిలబడి, సిగ్నల్ బలాన్ని ఆ చోటే కాగితం మీద రాయండి. దీనికీ కొలత డీబీఎం. మైనస్ 50 చాలా బాగు. మైనస్ 67 దాకా వీడియో కాల్ నమ్మకంగా సాగుతుంది. మైనస్ 75 దాటితే పేజీలు తెరుచుకుంటాయి కానీ కాల్ నిలవదు. మైనస్ 85 దగ్గర పేరు మాత్రం కనిపిస్తుంది. ఫోను పైన కనిపించే గీతలను నమ్మవద్దు.

ఇప్పుడు ఆ పటంలో డబ్బాకూ బలహీనమైన చోటుకూ మధ్య ఒక సరళరేఖ గీసి, అది ఏయే వస్తువుల గుండా పోతోందో చూడండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, ఇనుప తలుపు వైఫై తరంగాలను వెనక్కి కొడతాయి. నీళ్ళు పీల్చేస్తాయి, బంగ్ల మీది నీళ్ళ ట్యాంకు, చేపల తొట్టి అందుకే అడ్డం. సలాకలు దట్టంగా పరిచిన స్లాబు మామూలు ఇటుక గోడకన్నా చాలా ఎక్కువ సిగ్నల్‌ను తింటుంది. గిర్మాజిపేట, మట్టెవాడ వైపు పాత ఇళ్ళలో మూరెడు మందం గోడలతో అర్రలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. అలాంటి ఇంట్లో ముందుగదిలో డబ్బా పెడితే వెనక వంటింటికి చేరేసరికి నాలుగు గోడలు దాటాలి. ఆ ఇళ్ళకు ఎంత ఖరీదైన రౌటరైనా ఒక్కటి సరిపోదు. వాళ్ళు నేరుగా ఎనిమిదో దశ చూడటం మంచిది. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు పలుచన, కానీ పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ మన ఇంట్లోకి వస్తాయి. వారి ఇబ్బంది ఆరో దశలో ఉంది.

డబ్బా ఇంటి నడుమ, మనిషి ఛాతీ ఎత్తుకన్నా పైన, తెరిచి ఉన్న చోట ఉండాలి. తీగ ముందుగదిలోకి వచ్చింది కదా అని డబ్బా అక్కడే ఉండనక్కరలేదు. పొడవాటి ప్యాచ్‌కార్డ్ వేయమని అడగవచ్చు. లేదా కంపెనీ డబ్బాను అక్కడే ఉంచి, నెట్‌వర్క్ కేబుల్ లాగి, సొంత రౌటర్‌ను నడిమి గదిలో పెట్టవచ్చు. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా తీసుకుపోతుంది కాబట్టి ఇంటి కొలతలకు భయపడనక్కరలేదు. యాంటెన్నాలు ఉంటే నిలువుగా ఉంచండి. నిలువు యాంటెన్నా తరంగాలను చుట్టూ పక్కలకు ఎక్కువగా, నెత్తి మీదికీ కిందికీ తక్కువగా పంపుతుంది. పై అంతస్తుకు కూడా కావాలంటే ఒకదాన్ని వాల్చి చూడండి. చెప్పుల స్టాండు మీది నుంచి మెట్ల పక్కన సజ్జ ఎత్తుకు మార్చిన రోజు, మా పై గదిలో మైనస్ 81 ఉన్నది మైనస్ 64 అయింది. అమ్మాయి ఆ రాత్రి క్లాసు మొత్తం తెగకుండా విన్నది.

ఆరో దశ: బ్యాండు, ఛానెల్

ఈనాటి రౌటర్లు ఎక్కువగా రెండు బ్యాండ్లలో, అంటే రెండు రకాల రేడియో తరంగాల పట్టీల్లో, పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ ఇరుకు. 5 గిగాహెర్ట్జ్ విశాలం, వేగవంతం, కానీ రెండు గోడలు దాటేసరికి డీలా పడుతుంది. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవడానికి తెరిచింది. అంతకు ముందుకన్నా ఇప్పుడు ఆ దారి ఎంతో వెడల్పు. టీవీ, ల్యాప్‌టాప్, డబ్బా ఉన్న గదిలోని ఫోన్లు 5లో ఉండాలి. దూరపు గది ఫోను, కెమెరా, స్మార్ట్ ప్లగ్గులాంటివి 2.4లో ఉండాలి. రెండు బ్యాండ్లకు ఒకే పేరు ఉంటే ఫోను తనకు తోచినదాన్ని పట్టుకుని వేలాడుతుంది. కొన్నాళ్ళు వేరువేరు పేర్లు పెట్టి చూడటం మేలు.

2.4లో మన దేశంలో 13 ఛానెళ్ళు, అంటే ఆ పట్టీలోని చిన్న దారులు, ఉన్నాయి కానీ, ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన ఉండగలిగేవి 1, 6, 11 మాత్రమే. ఎనలైజర్ యాప్‌లో చూసి, ఈ మూడింటిలో పొరుగు సిగ్నళ్ళు తక్కువగా, బలహీనంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఖాళీగా ఉంది కదా అని 3 లేదా 8 పెట్టుకుంటే రెండు వైపుల రద్దీ మీ మీద పడుతుంది, మీ రద్దీ వాళ్ళ మీద పడుతుంది. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కే పరిమితం చేయండి. 40 అని పెడితే కాగితం మీద వేగం పెరుగుతుంది, రద్దీ ఉన్న వాడలో పని చెడుతుంది. కాకతీయ యూనివర్సిటీ, నిట్ పరిసరాల్లో హాస్టళ్ళు, అద్దె గదులు కిక్కిరిసిన చోట ఒక్క గదిలో నిలబడితే ముప్పై నలభై నెట్‌వర్కులు కనిపించడం వింత కాదు. అలాంటి చోట 2.4 మీద ఆశ వదులుకుని పని పరికరాలన్నీ 5కు మార్చడమే దారి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కనుక, అన్నం వేడి చేసే రెండు నిమిషాలు మాత్రమే కాల్ తెగుతుంటే కారణం అదే.

5లో 36 నుంచి 48 దాకా, 149 నుంచి 161 దాకా ఉన్న ఛానెళ్ళు నమ్మకమైనవి. 52 నుంచి 144 మధ్యవి రాడార్లతో పంచుకునేవి. వాటిని వాడే రౌటర్ ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి, రాడార్ జాడ తగిలితే వెంటనే ఛానెల్ వదిలిపోవాలి. కారణం తెలియకుండా 5 గిగాహెర్ట్జ్ పేరు కాసేపు మాయమై తిరిగి వస్తోందంటే ఛానెల్‌ను 36కు గానీ 149కి గానీ స్థిరంగా పెట్టి చూడండి.

ఏడో దశ: కొన్ని సెట్టింగులు

వేగం బాగుండి మాట తెగే ఇబ్బందిని ఇలా పట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి, రౌటర్ చిరునామాకు పింగ్ (జవాబు రావడానికి పట్టే కాలాన్ని చూపే ఆదేశం) నడుపుతూ ఉంచండి, ఇంకో విండోలో ఇంటర్నెట్‌లోని 1.1.1.1 అనే చిరునామాకు నడపండి. రౌటర్‌కు 2 నుంచి 10 మిల్లీసెకన్ల మధ్య రావాలి. అదే వందల్లోకి ఎగురుతుంటే గాలిలో ఇబ్బంది, ఆరో దశకు తిరిగి వెళ్ళండి. రౌటర్‌కు బాగుండి రెండోది మాత్రమే ఎగురుతుంటే, ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కు ఎక్కిస్తోందేమో చూడండి. పెళ్ళి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం నాలుగు ఫోన్లు ఒకేసారి ఆ పని మొదలుపెడితే అప్‌లోడ్ దారి నిండిపోయి, మిగతావాళ్ళ చిన్న చిన్న అభ్యర్థనలు కూడా వెనక వరుసలో నిలబడతాయి. బ్యాకప్‌ను రాత్రి వేళకు మార్చడం ఒక దారి. రౌటర్‌లో క్యూఓఎస్ (దారిని పరికరాల మధ్య పంచి అదుపు చేసే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్‌ను, డౌన్‌లోడ్‌ను మీకు నిజంగా వచ్చే వేగంలో 85 లేదా 90 శాతానికి కట్టడి చేయడం ఇంకా మంచి దారి.

కంపెనీ డబ్బాకు సొంత రౌటర్ తగిలిస్తే, రెండూ రౌటర్లలాగే ప్రవర్తించి చిరునామాలను రెండుసార్లు మారుస్తాయి. ఆటలకు, ఇంటి కెమెరాలకు ఇది చిక్కు తెస్తుంది. కంపెనీ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మాని లైనును మాత్రం అందించే తీరులో) పెట్టమని అడగండి, లేదా మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు (వైఫైని మాత్రం పంచే తీరుకు) మార్చుకోండి.

ఇక భద్రత. రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. డబ్ల్యూపీఎస్ (మీట నొక్కి లేదా పిన్‌తో పరికరాన్ని కలిపే సౌకర్యం) ఆపేయాలి. ఫోను నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టకండి, మా గల్లీలో సగం ఇళ్ళకు అదే ఉంది. సెట్టింగుల పేజీకి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వచ్చిందేమో ఆరు నెలలకోసారి చూడండి, అది ఎక్కుతున్నప్పుడు కరెంటు పోకుండా చూసుకోండి.

ఎనిమిదో దశ: ఒక్క డబ్బా చాలని ఇంటికి

ఇప్పుడు కొనే మాట. వైఫైని విస్తరించే మార్గాల్లో అన్నిటికన్నా మేలైనది కేబుల్ లాగి రెండో చోట యాక్సెస్ పాయింట్ పెట్టడం. మూల పడేసిన పాత రౌటరే దీనికి పనికివస్తుంది. దాని చిరునామాను 192.168.1.2 లాంటి వేరే అంకెకు మార్చి, అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపి, మొదటి డబ్బా ల్యాన్ పోర్టు నుంచి వచ్చిన కేబుల్‌ను దీని వ్యాన్ పోర్టులో (బయటి లైను వచ్చేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంటి పరికరాలకు ఇచ్చేది) పెట్టాలి. పేరు, పాస్‌వర్డ్ అవే ఇచ్చి, ఛానెల్ మాత్రం వేరేది ఇవ్వాలి. పాత వరుస అర్రల ఇంటికి, రెండంతస్తుల ఇంటికి ఇంతకన్నా చవకైన, నమ్మకమైన పద్ధతి నాకు కనిపించలేదు.

కేబుల్ లాగడం కుదరని అద్దె ఇంట్లో మెష్ (గాలిలోనే ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే డబ్బాల జట్టు) తీసుకోండి. గోడ ప్లగ్గులో గుచ్చే చవక రిపీటర్ ఒకే రేడియోతో విని, అదే రేడియోతో తిరిగి చెబుతుంది కనుక వేగం దాదాపు సగమవుతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెట్టడం అందరూ చేసే తప్పు. సిగ్నల్ ఇంకా మైనస్ 65 దగ్గర ఉన్న నడిమి చోటే దాని స్థానం. కొత్త రౌటర్ కొంటే గిగాబిట్ పోర్టులు, రెండు బ్యాండ్లు, వైఫై 6 ఉన్నాయా అన్న మూడే చూడండి. యాంటెన్నాల సంఖ్యను చూసి కొనకండి.

తొమ్మిదో దశ: ఫిర్యాదు

తీగతో చేసిన పరీక్షలోనే లోపం కనిపిస్తే ఇక పని కంపెనీది. ముందుగా ఆ నెల వాడకం పరిమితి దాటలేదని చూసుకోండి. "అపరిమిత" ప్లాన్లలో చాలావాటికి 3300 జీబీ దగ్గర ఒక గీత ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. తర్వాత తేదీ, వేళ, తీగ మీద వచ్చిన వేగం, కాంతి బలం, అప్‌టైమ్ అనే అయిదు విషయాలతో ఫిర్యాదు రాయండి. ప్రతి ఫిర్యాదుకు డాకెట్ నంబరు (ఫిర్యాదు గుర్తింపు సంఖ్య) ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనలు చెబుతున్నాయి. అది అడిగి తీసుకోండి. పరిష్కారం తృప్తిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల లోపల, ఏ రుసుమూ లేకుండా, అప్పీలు చేసుకోవచ్చు.

మనిషి వచ్చినప్పుడు నోటు పుస్తకం ముందు పెట్టండి, బంగ్ల మీదికి తీసుకుపోయి తీగ చూపించండి, ఎండన పడి వచ్చినవారికి మంచినీళ్ళు ఇవ్వండి. పని అయిందని చెప్పగానే ఫిర్యాదు మూసే ఓటీపీ చెప్పేయకండి. సెట్టింగుల పేజీ తెరిచి కొత్త కాంతి బలం చూసి, ల్యాప్‌టాప్‌ను తీగతో పెట్టి ఒక పరీక్ష చేసి, రెండు అంకెలనూ పాత అంకెల పక్కన రాసుకున్న తర్వాతే చెప్పండి.